మీల్స్ రెడీ: ఒక తప్పు చరిత్ర

మా ఊరి బస్టాండు ఎదురుగా ఒక హోటలుండేది. రోజూ పదకొండున్నరకి ఒక కుర్రాడు బయటికొచ్చి ‘మీల్స్ రెడీ’ అని రాసున్న రేకు బోర్డు మేకుకి తగిలించి వెళ్ళేవాడు. దాన్ని చూసి లోపలికెళ్ళి కూర్చుంటే ఆకు వేసేవాళ్ళు, అన్నం వచ్చేది, పప్పూ కూరా వచ్చేవి. ఒక్కోరోజు సాంబారు మాత్రం వచ్చేది కాదు. అడిగితే “పొయ్యి మీదుంది బాబూ, ఐదు నిమిషాలు” అనేవాడు వడ్డించే ఆయన. బోర్డు పెట్టిన కుర్రాడు అబద్ధమాడాడనలేం. వంటాయన ఎలాగూ దింపబోతున్నాడు కదా అని కాస్త ముందుగా తగిలించాడు, అంతే. వంటింట్లోవాళ్ళకి ఆ ముందూ వెనకల తేడా అసలు తెలియదు. తెలిసేది ఆ కాస్త సమయంలో లోపలికొచ్చి కూర్చున్నవాడికే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన పాతిక వరసల ప్రోగ్రాము సరిగ్గా ఆ కుర్రాడి పనే చేసింది. ఆ తప్పు నాకంటే చాలా ముందు, నాకంటే చాలా తెలివైనవాళ్ళు చేసినదే. అది పుస్తకాల్లోకెక్కింది, ఇంటర్వ్యూల్లో ప్రశ్నయింది, చివరికి పేరుమోసిన నిపుణులు కొందరు కలిసి ‘ఇది తప్పు’ అని బహిరంగంగా సంతకాలు చేయాల్సివచ్చింది. ‘సిద్ధమైంది’ అన్న ఒక్క మాటని ఎప్పుడు అనొచ్చో తేల్చుకోవడానికి కంప్యూటర్ భాషలకి చాలా ఏళ్ళే పట్టింది. ఆ చరిత్ర చెప్పుకోదగ్గదని నా నమ్మకం. ప్రోగ్రాములు రాయనివాళ్ళకి కూడా.

ముందు నా సంగతి చెప్పేస్తాను.

మా క్లయింటు ఒకరి లావాదేవీల మీద ఛార్జీలు లెక్కగట్టే సర్వర్ అది. ఆ లెక్కకి ఒక రేట్ల పట్టిక కావాలి. పట్టిక పెద్దది, ఫైలులోంచి చదివి పేర్చుకోవడానికి సమయం పడుతుంది. అందుకని మొదటిసారి అవసరమైనప్పుడే చదివి, ఆ తర్వాత అందరూ దాన్నే వాడుకునేలా రాయమన్నారు. సర్వర్‌లో ఒకేసారి ఎన్నో థ్రెడ్లు పనిచేస్తుంటాయి. థ్రెడ్డంటే ఒకే వంటింట్లో ఎవరి పని వాళ్ళు చేసుకుపోయే పనివాళ్ళలాంటిది. పట్టికని ఎవరో ఒకరే చదవాలి, మిగతావాళ్ళు ఆగాలి. దీనికి ఒక ప్రసిద్ధమైన పద్ధతి ఉందని నాకు తెలుసు. అలాగే రాశాను. సీనియర్లు చూశారు. బాగుందన్నారు.

కొన్నాళ్ళకి క్లయింటు నుంచి కబురు. సర్వర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, ఎప్పుడో ఒకసారి, మొదటి నాలుగైదు లావాదేవీలకి ఛార్జీ సున్నా పడుతోంది. మా దగ్గర ఎన్నిసార్లు నడిపినా రాలేదు. ఏం జరుగుతోందో చూద్దామని మధ్యలో ఒక లాగ్ వరస పెట్టి పంపితే అక్కడ కూడా రావడం మానేసింది. తీసేస్తే మళ్ళీ వచ్చింది. అదే సమయంలో మా టీంలో ఇంకో కుర్రాడు ఆ ఫైలు చదివే భాగాన్ని కొద్దిగా మార్చాడు. అనుమానం అతని మీదికి పోయింది. మీటింగులో నన్నడిగితే “నా దాంట్లో లాక్ ఉంది, రెండుసార్లు చెక్ చేస్తున్నాను, నాది కాదు” అన్నాను. నిజంగా అలాగే నమ్మాను. అతని మార్పు వెనక్కి తీసేశారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు, యాదృచ్ఛికంగా, తప్పు కనబడలేదు. దాంతో ఋజువైపోయినట్టే అయింది. ఆ ఏడాది అతని అప్రైజల్‌లో ఆ సంగతి ఒక వాక్యమై కూర్చుంది. అతను వేరే టీంకి వెళ్ళిపోయాడు.

తర్వాత తప్పు మళ్ళీ వచ్చింది.

*

వెనక్కి, 1965కి వెళ్దాం. ఆ ఏడాది ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. ఒకే వస్తువుని చాలామంది వాడుకోవాలి, కానీ ఏ క్షణంలోనైనా ఒక్కరే దాని దగ్గరుండాలి. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇంతమంది ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలి? ఈ ప్రశ్నకి ఆయనిచ్చిన జవాబు నుంచి ఒక శాస్త్రశాఖే మొదలయింది. ఆ రోజుల్లోనే ఆయన తయారుచేసిన ఇంకో పనిముట్టుకి రైల్వే సిగ్నల్ పేరు పెట్టాడు, సెమాఫోర్ అని. ఇవాళ మేం వాడే లాక్ ఈ కుటుంబంలోదే. తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే లోపలికి పోవాలి.

తాళం ‘ఒకేసారి ఇద్దరు వద్దు’ అని చెప్తుంది. ‘ఏది ముందు, ఏది వెనక’ అన్నది దాని పక్కనే ఉన్న ఇంకో ప్రశ్న. దాన్ని సూటిగా పట్టుకున్నవాడు లెస్లీ లాంపోర్ట్. 1978లో ఆయన రాసిన వ్యాసం కంప్యూటర్ శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించబడిన వ్యాసాల్లో ఒకటి. వేర్వేరు చోట్ల ఉన్న యంత్రాలకి వేర్వేరు గడియారాలుంటాయి, అవి ఎప్పుడూ కచ్చితంగా కలవవు. అలాంటప్పుడు ఈ పని ముందు జరిగిందా, ఆ పనా అని అడిగితే ఏ గడియారం చూసి చెప్పాలి? గడియారం సంగతి మర్చిపొమ్మన్నాడు లాంపోర్ట్. ఒకే మనిషి వరసగా చేసిన రెండు పనుల్లో మొదటిది ముందు. ఒకరు పంపిన ఉత్తరాన్ని ఇంకొకరు అందుకుంటే, పంపడం ముందు, అందుకోవడం వెనక. ఈ రెండింటినీ గొలుసుగా కలుపుకుంటూ పోతే వచ్చేదే వరస. ఆ గొలుసులో ఒకదానికొకటి తగలని రెండు పనులుంటే, వాటి మధ్య ముందూ వెనకా అనేదే లేదు. ‘మనకి తెలియదు’ అని కాదు, లేదు. ఈ ఆలోచనకి సాపేక్షతా సిద్ధాంతంతో ఉన్న చుట్టరికాన్ని ఆయనే చెప్పుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు పదో తరగతి తెలుగు వ్యాకరణం గుర్తొచ్చింది. క్త్వార్థకం, శత్రర్థకం అని బట్టీపట్టాం కదా. ‘వండి వడ్డించాడు’ క్త్వార్థకం: వండటం పూర్తయ్యాకే వడ్డన. ‘పాడుతూ వడ్డించాడు’ శత్రర్థకం: రెండూ కలిసి సాగుతున్నాయి, వాటి మధ్య వరస లేదు. లాంపోర్ట్ చెప్పిన రెండు సంబంధాలూ మన అసమాపక క్రియల్లో ఉన్నాయన్నమాట. ఇంకో సంగతి కూడా ఉంది. క్త్వార్థకానికి మామూలుగా కర్త ఒక్కరే ఉండాలి. ‘వాన కురిసి చెరువు నిండింది’ లాంటి కొన్ని వాక్యాలు తప్పిస్తే, ‘రాముడు వండి సీత తిన్నది’ అని ఎవరమూ అనం. ‘రాముడు వండాక సీత తిన్నది’ అనాల్సిందే. పనులు చేసేవాడు ఒక్కడైతే వరస క్రియలోనే ఇమిడిపోతుంది. ఇద్దరైనప్పుడు ఆ వరసని చెప్పడానికి ‘ఆక’ అనో ‘తర్వాత’ అనో విడిగా ఒక మాట పెట్టాలి. పెట్టకపోతే వాక్యం నిలబడదు.

నా ప్రోగ్రాములో లేనిది సరిగ్గా ఆ ‘ఆక’.

*

1979లో లాంపోర్టే ఇంకో చిన్న వ్యాసం రాశాడు. ప్రోగ్రాము రాసేవాడు మనసులో ఏమనుకుంటాడో దానికి అందులో ఒక నిర్వచనం ఇచ్చాడు. ఎన్ని ప్రాసెసర్లున్నా సరే, అందరి పనుల్నీ ఒకే వరసలో పేర్చినట్టు, ఆ వరసలో ఎవరి పనులు వాళ్ళు రాసుకున్న క్రమంలోనే ఉన్నట్టు ఫలితం కనబడాలి. ఇది ఎవరైనా ‘అంతేగా’ అనుకునే సంగతి. కాగితం మీద పైనున్నది ముందు, కిందున్నది తర్వాత.

నిజానికి యంత్రాలు అలా లేవు, రానురాను ఇంకా దూరం జరిగాయి. ప్రాసెసర్ వేగం పెరిగినంతగా మెమరీ వేగం పెరగలేదు. ఒక విలువని మెమరీలో రాసేదాకా ఆగితే ప్రాసెసర్ ఖాళీగా కూర్చోవాలి. అందుకని రాయాల్సినవాటిని పక్కన ఒక చిన్న అరలో పడేసి ముందుకెళ్ళిపోతుంది. వీలునిబట్టి అవి వేరే క్రమంలో మెమరీకి చేరొచ్చు. మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కూడా అంతే, లాభముందనుకుంటే పనుల్ని అటూఇటూ జరుపుతుంది. ఇద్దరూ పాటించే నియమం ఒకటే: ఒంటరిగా పనిచేసేవాడికి తేడా తెలియకూడదు. హోటలు వంటింట్లోవాళ్ళకి బోర్డు ముందు పెట్టినా సాంబారు ముందు దింపినా ఒకటే అయినట్టు.

పని ఒక్కడే చేసుకుంటున్నంతకాలం ఈ నియమంతో ఏ గొడవా లేదు. చిక్కంతా బయటినుంచి ఇంకొకడు చూస్తున్నప్పుడే.

*

1990ల మధ్యకి వచ్చేసరికి మామూలు ప్రోగ్రామర్లు కూడా థ్రెడ్లు వాడటం మొదలుపెట్టారు. 1994లో వచ్చిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం సింగిల్టన్ అనే పద్ధతిని ఇంటింటికీ తీసుకెళ్ళింది. ప్రోగ్రాము మొత్తానికి ఒకే ఒక్క వస్తువు, అడిగినప్పుడే తయారవుతుంది. చాలామంది ఒకేసారి అడిగితే? తాళం వేయాలి. కానీ వస్తువు ఒకసారి తయారయ్యాక కూడా ప్రతివాడూ తాళం తీసుకుని, చూసి, తిరిగిచ్చి పోవాలంటే దండగ ఖర్చు. ఆ రోజుల్లో తాళం ఖరీదు ఎక్కువే.

ఈ ఖర్చు తప్పించడానికి 1996లో డగ్లస్ ష్మిట్, టిమ్ హారిసన్ ఒక పద్ధతిని ప్యాటర్న్‌గా రాసి ప్రకటించారు. పేరు డబుల్ చెక్డ్ లాకింగ్. మన హోటలు భాషలో చెప్పాలంటే ఇలా: బోర్డు చూడు. ఉంటే తాళం జోలికి పోకుండా తిన్నగా వెళ్ళి కూర్చో. లేకపోతే వంటింటి తాళం తీసుకో. తీసుకున్నాక ఇంకోసారి బోర్డు చూడు, ఎందుకంటే నువ్వు తాళం కోసం ఆగినప్పుడు నీ ముందువాడు వండేసి ఉండొచ్చు. అప్పటికీ లేకపోతే నువ్వే వండి, బోర్డు పెట్టి, తాళం తిరిగివ్వు.

ఎంత ముచ్చటగా ఉందో చూడండి. వండేది ఒక్కడే, వండాక ఎవరూ తాళం కోసం ఆగనక్కర్లేదు. పైగా పది వరసల్లో అయిపోతుంది. జావా భాష అదే 1996లో జనంలోకి వచ్చింది. ఈ పద్ధతి దాంట్లోకీ పాకింది. పుస్తకాలు రాశాయి, పత్రికలు రాశాయి. నేను చదువు పూర్తిచేసి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునేనాటికి ‘థ్రెడ్ సేఫ్ సింగిల్టన్ రాయండి’ అన్నది ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న. లాక్ ఒక్కటే రాస్తే పాసు, రెండుసార్లు చెక్ చేస్తే ఫస్ట్ క్లాసు.

చిక్కు ఎక్కడుందంటే, ‘వండి బోర్డు పెట్టు’ అన్న ఒక్క వరసలో మూడు పనులున్నాయి. మెమరీలో స్థలం తీసుకోవడం, ఆ స్థలంలో వస్తువుని నిర్మించడం, దాని చిరునామాని అందరికీ కనబడేచోట రాయడం. చిరునామాయే బోర్డు. ఒంటరివాడికి తేడా తెలియకూడదన్న నియమం ప్రకారం రెండోదాన్నీ మూడోదాన్నీ తారుమారు చేయొచ్చు. చేస్తే? తాళం తీసుకున్నవాడు ఇంకా వండుతూనే ఉంటాడు, బోర్డు మాత్రం వేలాడుతూ ఉంటుంది. రెండోవాడు వస్తాడు. బోర్డు చూస్తాడు. తాళం అడగడు, అడగనక్కర్లేదన్నదే కదా ఈ పద్ధతి గొప్ప. లోపలికెళ్ళి ఖాళీ గిన్నెలో గరిటె పెడతాడు. నా లావాదేవీలకి పడ్డ సున్నా అదే.

తాళం తన చేయి పట్టుకున్నవాళ్ళ మధ్యనే వరస పెట్టగలదు. దాని జోలికే రానివాడి మీద దానికి అధికారం లేదు. ఇద్దరు కర్తలు, మధ్యలో ‘ఆక’ లేదు.

ఇది ఊహ కాదు. సిమాంటెక్ వాళ్ళ జావా కంపైలర్ సరిగ్గా ఈ తారుమారే చేసి, వస్తువు నిర్మాణం కాకముందే చిరునామా రాయడాన్ని పట్టుకున్నారు. పోనీ వండేవాడు క్రమం తప్పకుండా చేశాడనుకున్నా, చూసేవాడి వైపు కూడా చిక్కుంది. 1992లో వచ్చిన ఆల్ఫా ప్రాసెసర్ మీద, బోర్డు కొత్తది చూసిన మనిషి గిన్నె మాత్రం పాతది చూడగలడు. చిరునామా ఇప్పటిది, ఆ చిరునామాలో కనబడేది నిన్నటిది.

*

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో విలియం ప్యూ అనే ఆచార్యుడు జావా భాష నిర్వచనంలో మెమరీ గురించిన అధ్యాయాన్ని తీసుకుని, అక్షరమక్షరం చదివాడు. 1999లో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఏమిటంటే, అధ్యాయమే చెడిపోయి ఉంది. ఒకవైపు కంపైలర్లు మామూలుగా చేసే సవరణల్ని అది కుదరదంటోంది. ఇంకోవైపు ప్రోగ్రామర్లు ధీమాగా నమ్ముకున్నవాటికి ఏ హామీ ఇవ్వడంలేదు.

ఆ హామీ లేకపోవడం ఎంతదాకా వెళ్తుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. జావాలో స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, ఒకసారి పుట్టాక మారదని అందరి నమ్మకం. భద్రతకి సంబంధించిన ఎన్నో ఏర్పాట్లు దాని మీద ఆధారపడ్డాయి. అప్పట్లో పెద్ద స్ట్రింగ్‌లోంచి ముక్క కోసుకుంటే, అక్షరాల్ని కాపీ చేయకుండా ‘నాలుగో అక్షరం తర్వాతనుంచి చదువు’ అని ఒక అంకె మాత్రం రాసుకునేవారు. ఆ అంకె ఇంకా చేరకముందు ఇంకో థ్రెడ్ చూస్తే? దానికి సున్నా కనబడుతుంది. కాసేపాగి చూస్తే నాలుగు. అంటే ‘యూఎస్సార్’ అని చదివిన మాటే, ఎవరూ ముట్టుకోకుండా, రెండోసారి చూసేసరికి ‘టెంప్’ అయి కూర్చోవడానికి పాత నియమాల ప్రకారం అభ్యంతరం లేదు. మారదని నమ్మినది మారుతుంది. బోర్డు తొందరపడటం వల్లే.

ఆ తర్వాత కొంతకాలానికి వచ్చినదే నేను మొదట్లో చెప్పిన ప్రకటన. ‘డబుల్ చెక్డ్ లాకింగ్ పనిచేయదు’ అని శీర్షికలోనే చెప్పి, కింద పేర్లు పెట్టారు. ప్యూ ఉన్నాడు. జావా లైబ్రరీలు రాసిన జాషువా బ్లాక్ ఉన్నాడు. థ్రెడ్ల మీద పుస్తకం రాసిన డగ్ లీ ఉన్నాడు. జావాని పరిగెత్తించే యంత్రాన్ని నిర్మించిన క్లిఫ్ క్లిక్ ఉన్నాడు. ఇంకా మరికొందరు. ‘ఇలా మారిస్తే పనిచేస్తుంది కదా’ అని జనం తెచ్చిన అతుకుల్ని అందులో ఒక్కొక్కటే తీసుకుని, ఎందుకు పనిచేయదో చూపించారు. మధ్యలో ఇంకో తాళం పెడితే? పనిచేయదు. ముందు వేరే పేరుతో దాచి తర్వాత అసలు పేరుకి మారిస్తే? పనిచేయదు. ఎందుకంటే ఇవన్నీ వండేవాడు ఒక్కడి వాక్యాన్ని దిద్దుతున్నాయి. లోపం ఇద్దరి మధ్య ఉంది.

లోపం ఇద్దరి మధ్య ఉన్నప్పుడు కావాల్సింది ఒడంబడిక. ఆ ఒడంబడికకి పునాది అప్పటికే పడి ఉంది. ఐఐటీ బొంబాయిలో చదివి అమెరికా వెళ్ళిన సరితా ఆద్వే, విస్కాన్సిన్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, 1990లో మార్క్ హిల్‌తో కలిసి రాసిన వ్యాసంలో అది ఉంది. ప్రోగ్రామరూ, నువ్వు ఎక్కడెక్కడ ఇంకొకరితో కబురు కలుపుతున్నావో అక్కడ గుర్తుపెట్టు. గుర్తు పెట్టినచోట యంత్రం ముందు వెనకలు చేయదు. నువ్వు అన్నిచోట్లా సరిగ్గా గుర్తుపెడితే, లాంపోర్ట్ చెప్పిన ఆ అమాయకమైన వరసే నీకు కనబడుతుందని యంత్రం తరఫున హామీ. మిగతా అన్నిచోట్లా యంత్రం ఇష్టం. ఇద్దరి సౌకర్యమూ నిలబెట్టిన ఒప్పందమిది.

ఈ దారిలోనే జెరెమీ మాన్సన్, ప్యూ, ఆద్వే తదితరులు జావా అధ్యాయాన్ని మళ్ళీ రాశారు. 2004 సెప్టెంబరులో వచ్చిన జావా 5లో అది అమల్లోకొచ్చింది. ‘వోలటైల్’ అన్న మాటకి కొత్త అర్థం వచ్చింది. బోర్డు మీద ఆ ఒక్క మాట రాస్తే, బోర్డు చూసినవాడికి దానికి ముందు వండినదంతా కనబడి తీరాలి. తెలుగులో ‘ఆక’ చేసే పని సరిగ్గా అదే. డబుల్ చెక్డ్ లాకింగ్ అప్పుడు, ఆ మాటతో మాత్రమే, సరైనదయింది.

సి ప్లస్ ప్లస్ కథ ఇంకా విచిత్రం. ఆ భాష నిర్వచనంలో థ్రెడ్ అన్న ఊసే లేదు. భాష దృష్టిలో లోకంలో ఉన్నది ఒక్కడే. స్కాట్ మేయర్స్, ఆండ్రే అలెగ్జాండ్రెస్కూ 2004లో ‘డాక్టర్ డాబ్స్ జర్నల్’ పత్రికలో రెండు భాగాలుగా రాసిన వ్యాసంలో ఇదే చూపించారు. భాషకి తెలియని మనిషి గురించి ఆ భాషలో హామీ ఇవ్వలేం. మరుసటేడు హాన్స్ బోమ్ ఇంకో అడుగు ముందుకేసి, థ్రెడ్లని భాష బయట ఒక లైబ్రరీగా తగిలించి సరిపెట్టుకోవడం కుదరదని వాదించాడు. 2008లో బోమ్, ఆద్వే కలిసి సి ప్లస్ ప్లస్‌కి కావాల్సిన పునాదిని వివరిస్తూ రాశారు. 2011 ప్రమాణంలో అది భాషలో భాగమయింది. ఇప్పుడు ఫంక్షన్ లోపల ‘స్టాటిక్’ అని ఒక్క వరస రాస్తే చాలు, ఒక్కరే నిర్మిస్తారు, మిగతావాళ్ళు ఆగుతారు, సగం కట్టినది ఎవరికీ కనబడదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టిన సంగతి ఇంకోటుంది. ‘ఈ పని ఒక్కసారే, ఎవరో ఒక్కరే చేయాలి, అయ్యేదాకా మిగతావాళ్ళు ఆగాలి’ అని చెప్పే ఒక మామూలు ఫంక్షన్, పీథ్రెడ్ వన్స్ అని, 1995 నాటి పోసిక్స్ ప్రమాణంలోనే ఉంది. అంటే ఆ ముచ్చటైన ప్యాటర్న్ కంటే ఏడాది ముందే. నేను రాసిన సర్వర్‌లో కూడా అది అందుబాటులో ఉంది. ఒక్క వరసలో పోయేదానికి పాతిక వరసలు రాశాను, పాతిక వరసల్లో తెలివి కనబడుతుంది కాబట్టి.

*

‘ఇదంతా థ్రెడ్ల గొడవ, మా జావాస్క్రిప్ట్‌లో ఒకే థ్రెడ్డు, మాకేం భయం’ అనే మిత్రులున్నారు. నిజమే, అక్కడ వంటాయన ఒక్కడే. కానీ పొయ్యి మీద ఏదైనా పెట్టి, అది ఉడికేలోపు ఇంకో పని అందుకుంటాడు. డేటాబేస్ కనెక్షన్ కావాలి. ఉందా? లేదు. తెరవమని చెప్పి, ‘అవెయిట్’ అని పక్కకి తప్పుకుంటాడు. ఈలోపు రెండో అభ్యర్థన వస్తుంది. ఉందా? ఇంకా లేదు. మళ్ళీ తెరవమంటాడు. రెండు గుండిగల సాంబారు. తారుమారు చేసే కంపైలర్ లేదు, ప్రాసెసర్ లేదు. అయినా ‘చూడటం’కీ ‘పెట్టడం’కీ మధ్య సందు ఉంది, అది చాలు.

దీనికి మందు కూడా పాతదే. ఇంకా రాని ఫలితానికి ప్రతినిధిగా ముందే ఒక చీటీ ఇవ్వొచ్చన్న ఆలోచనకి 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ ‘ప్రామిస్’ అని పేరు పెట్టారు. 1988లో బార్బరా లిస్కోవ్, ల్యూబా శ్రీరా దాన్ని ఒక భాషలో పద్ధతిగా తీర్చి అదే పేరుతో రాశారు. 2015లో అది జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకొచ్చింది. ప్రామిస్‌కి తెలుగులో చక్కటి మాటుంది, ‘మాట’. ఎవరికైనా మాటిచ్చామంటే వస్తువు ఇంకా ఇవ్వలేదనీ అర్థం, ఇస్తామనీ అర్థం. కనెక్షన్ వచ్చాక దాన్ని దాచుకోవడం కాదు చేయాల్సింది. తెరవమని చెప్పిన వెంటనే, ఎక్కడా ఆగకుండా, అందిన మాటని దాచుకోవాలి. రెండోవాడొస్తే అతనికి అదే మాట ఇస్తాం. అతనూ ఆ ఒక్క గుండిగ కోసమే ఆగుతాడు.

ఇందులోనూ రెండు గోతులున్నాయి. ఇచ్చిన మాట తప్పితే? నెట్‌వర్క్ ఒక్కసారి తెగి కనెక్షన్ రాలేదనుకోండి, ఆ తప్పిన మాటనే దాచుకుని కూర్చుంటే తర్వాత వచ్చే ప్రతివాడికీ ఆ వైఫల్యాన్నే పంచిపెడుతూ ఉంటాం. తప్పినప్పుడు చెరిపేసి, వచ్చేవాడు మళ్ళీ ప్రయత్నించేలా చూడాలి. రెండోది, ఒకరి తయారీకి ఇంకొకరు, వాళ్ళ తయారీకి మళ్ళీ వీళ్ళు అవసరమైతే ఎవరూ కదలరు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు. దీనికి ఏ భాషా మందివ్వలేదు. ఎవరికి ఎవరు ముందో రాసేవాడే కాగితం మీద గీసుకుని, వలయం లేకుండా చూసుకోవాలి.

*

నా పట్టిక దగ్గరికొస్తాను. మా బల్లల మీదున్న ఇంటెల్ యంత్రాలు రాతల్ని రాసిన క్రమంలోనే బయటికి చూపిస్తాయి. క్లయింటు దగ్గరున్న ప్రాసెసర్లు వేరే జాతివి, అవి ఆ హామీ ఇవ్వవు. అందుకే మా దగ్గర రాలేదు. నేను పెట్టిన లాగ్ వరసకి లోపల తనదైన తాళం ఉంది. ఆ తాళం వల్ల అనుకోకుండా వరస కుదిరి, తప్పు దాక్కుంది. ఇదంతా మేయర్స్, అలెగ్జాండ్రెస్కూల వ్యాసం చదివాక అర్థమయింది. నేను ఇంజనీరింగ్‌లో చేరకముందే అచ్చయిన వ్యాసమది.

సరిచేసి, కారణం రాసి, మేనేజరుకి మెయిల్ పెట్టాను. మెయిల్‌లో ‘రేస్ కండిషన్’ అని రాశాను. ‘నాది’ అని రాయలేదు. ఆ వాక్యం అతని అప్రైజల్‌లో అలాగే ఉండిపోయింది. ప్రకటన కింద సంతకాలు చేసిన ఆ పేర్లని చదివినప్పుడల్లా నాకు ఆ మెయిల్ గుర్తొస్తుంది. వాళ్ళు తప్పు ఎక్కడుందో చెప్పి ఊరుకోలేదు, చెప్తున్నది ఎవరో కూడా చెప్పారు.

ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు అతనికి ఫోన్ చేశాను. చాలా ఏళ్ళయింది మాట్లాడి. సంగతంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: “నా మీద అనుమానం వచ్చినప్పుడు నీ కోడ్ కూడా తీసి చదివాను బాస్, రెండు మూడుసార్లు. తప్పు దొరికితే బయటపడదామని. నాకూ కరెక్టుగానే కనిపించింది.”